గెలిచినవాడి ఖాతాలో కోత

పోయిన నెల రక్తపోటు గురించి రాస్తూ ఉప్పు తగ్గించమన్నందుకు మన సభ్యులలో కొందరు ఆవకాయ మీద ఒట్టేసి నాతో మాట్లాడడం మానేశారు. ఈ నెల వారి జోలికి పోను. బాక్సింగు గురించి రాస్తాను. డాక్టరుకు ముష్టియుద్ధాలతో ఏం పని అంటారా? ఉంది. రికార్డు పుస్తకంలో ఫలానావాడు ఫలానావాణ్ణి ఫలానా రౌండులో ఓడించాడని ఒక్క వరుస ఉంటుంది. ఓడినవాడు ఆ రోజు ఏ స్థితిలో బరిలోకి దిగాడో రాయడానికి అందులో గడి లేదు. మా కేసు షీటులో ముందు నింపేది ఆ గడినే.

1980 అక్టోబరు 2న లాస్ వేగాస్‌లో లారీ హోమ్స్ ముహమ్మద్ అలీని ఓడించాడు. హోమ్స్‌కు 30 ఏళ్ళు, అప్పటికి 35 పోటీలాడి ఒక్కటీ ఓడలేదు. అలీకి 38. రెండేళ్ళుగా పోటీ మొహం చూడలేదు. అయినా ఆ సాయంత్రం అలీని చూసినవాళ్ళు ఆశపడ్డారు. పెరిగిన పొట్ట మాయమైంది, నెరిసిన జుట్టుకు రంగు పడింది. తూకం 217½ పౌన్లు. 1974లో జయీర్‌లో జార్జ్ ఫోర్‌మన్‌ను పడగొట్టిన రోజున కూడా దాదాపు అంతే. పాత అలీ తిరిగొచ్చాడని జనం సంబరపడ్డారు.

తిరిగొచ్చింది బరువొక్కటే. అది తగ్గిన తీరు వింటే ఏ డాక్టరుకైనా గుండె గుభేలుమంటుంది. థైరాయిడ్ మందకొడిగా ఉందని ఒక వైద్యుడు మాత్రలు ఇచ్చాడు. అలీ చెప్పినదానికంటే ఎక్కువే మింగాడు. అవసరానికి మించిన థైరాయిడ్ హార్మోను కొవ్వుతోపాటు కండనూ కరిగిస్తుంది. గుండె వేగం పెంచుతుంది, ఒంట్లో వేడి పుట్టిస్తుంది. పొయ్యి కింద మంట ఎగదోసి, కుండలో నీళ్ళున్నాయో లేదో చూడకుండా వదిలేయడం లాంటిది. అలాంటి మనిషిని ఎడారి ఊళ్ళో, ఆరుబయట, దీపాల వేడిలో పదిహేను రౌండ్ల పోటీకి పంపారు.

ఇంకొకటి. ఆ జూలైలోనే మేయో క్లినిక్‌లో అలీకి పరీక్షలు జరిగాయి. ఒంటి కాలిమీద గెంతమంటే కొంచెం తడబడ్డాడు. వేలితో ముక్కు తాకమంటే గురి కాస్త తప్పింది. గుంటూరులో మాకు నరాల పరీక్ష నేర్పినప్పుడు మొదట చేయించినవి ఇలాంటివే. నాలుగో సంవత్సరం కుర్రాడైనా ఇక్కడ కాసేపు ఆగి ఆలోచిస్తాడు. నెవాడా కమిషన్ ఆగలేదు, లైసెన్సు ఇచ్చేసింది. అలీకి ఒప్పందం 80 లక్షల డాలర్లు. ఏనుగు బతికినా వెయ్యే, చచ్చినా వెయ్యే.

పోటీ సంగతి చెప్పడానికేమీ లేదు. అలీ ఒక్క రౌండూ గెలవలేదు. హోమ్స్ మధ్య మధ్య రెఫరీ వైపు చూశాడు, ఆపవయ్యా అన్నట్టు. పదో రౌండు తరువాత అలీ శిక్షకుడు ఏంజెలో డండీ ఇక చాలన్నాడు. ఒకప్పుడు అలీ దగ్గర సాధనలో జోడీగా పనిచేసి ఎదిగినవాడు హోమ్స్. గెలిచి ఏడ్చాడు. 1984లో అలీకి పార్కిన్సన్స్ లక్షణాలున్నాయని బయటపడ్డాక ఆ గెలుపు విలువ ఇంకా పడిపోయింది. ఆ జబ్బులో దెబ్బల వాటా ఎంతో తేల్చడం వైద్యులకు తేలిక కాదు. జనానికి మాత్రం ఆ తూకంతో పని లేకపోయింది. చచ్చిన పామును కొట్టినవాడనే పేరు హోమ్స్‌కు మిగిలింది.

ఇది నాకు అన్యాయంగా తోస్తుంది. 1978లో కెన్ నార్టన్‌తో 15 రౌండ్లు హోరాహోరీగా పోరాడి టైటిల్ తెచ్చుకున్నవాడు హోమ్స్. ఆ రాత్రి ఎవరికీ గుర్తు లేదు, ఈ రాత్రి అందరికీ గుర్తు. కోత పెట్టడం న్యాయమే కాని, ఆ కోత గెలిచినవాడి ఖాతాలోనే ఎందుకు పడాలి? లైసెన్సు మీద సంతకం చేసినవాళ్ళున్నారు, మాత్రలు రాసిన మా వృత్తివాడూ ఉన్నాడు.

ఇది కొత్త కథా కాదు. 1951 అక్టోబరులో రాకీ మార్సియానో జో లూయీని ఎనిమిదో రౌండులో పడగొట్టాడు. లూయీకి 37, పన్నుల బాకీలు తీర్చలేక మళ్ళీ బరికెక్కినవాడు. మార్సియానో కూడా గెలిచి ఏడ్చాడు. ఒక్క ఓటమీ లేని అతని 49 గెలుపుల లెక్కలో అదీ ఒకటి.

వయసొక్కటే కారణమనుకునేరు! 1994లో ఫోర్‌మన్ 45 ఏళ్ళ వయసులో 26 ఏళ్ళ మైకేల్ మూరర్‌ను పదో రౌండులో పడగొట్టి మళ్ళీ ఛాంపియన్ అయ్యాడు. అందుకే పుట్టిన తేదీ చూసి తీసివేతలు చేయకూడదు, మనిషిని పరీక్షించి చూడాలి.

ఇక హోమ్స్ వంతు 1988 జనవరిలో వచ్చింది. ఇరవై ఒక్క నెలలుగా పోటీ లేదు, వయసు సరిగ్గా 38. మైక్ టైసన్‌కు 21. నాలుగో రౌండులో ముగిసింది. అంతకుముందు ఎవరూ హోమ్స్‌ను అలా పడగొట్టి గెలవలేదు కనుక అప్పట్లో అది మహా విజయమన్నారు. ఇప్పుడు టైసన్ గొప్పతనం చెప్పేవాళ్ళు దాన్ని కొంచెం గొంతు తగ్గించి చెబుతారు.

2004 జూన్‌లో టైసన్‌కూ 38 నిండాయి. జూలై నెలాఖరున, అలీ పుట్టిన లూయీవిల్ ఊళ్ళోనే, డానీ విలియమ్స్ అనే ఇంగ్లండు బాక్సరు అతన్ని నాలుగో రౌండులోనే పడగొట్టాడు. మొదటి రౌండులోనే టైసన్ మోకాలు దెబ్బతిన్నదని తరువాత తెలిసింది. ఆ గెలుపు పుణ్యమా అని విలియమ్స్‌కు డిసెంబరులో వితాలి క్లిచ్‌కోతో ప్రపంచ టైటిల్ పోటీ దక్కింది. అతను ఎనిమిదో రౌండు దాకా దెబ్బలు తిన్నాడు.