జాలి కన్నా ముందు, ఒక చిన్న పని

గత ఏడాది మా తొమ్మిదో తరగతి విద్యార్థి ఒకడు తండ్రిని కోల్పోయాడు. పెదకర్మ అయిన మూడో రోజే స్కూల్‌కు వచ్చి వీక్లీ టెస్ట్ రాశాడు. (వాళ్లమ్మగారి అనుమతితోనే ఇది రాస్తున్నాను.) అందరూ అతనికి ఒకటే చెప్పారు: "ధైర్యంగా ఉండు. ఇక ఇంటికి పెద్దదిక్కు నువ్వే. బాగా చదవాలి." నేనూ అదే అన్నాను. అది తప్పని ఇప్పుడు తెలుస్తోంది. పద్నాలుగేళ్ల పిల్లాడు ఏడవడానికి ఆ మాటల్లో చోటే లేదు.

రెండు నెలలు ఎవరితోనూ సరిగ్గా మాట్లాడలేదు. లంచ్ బాక్స్ తెరవకుండానే ఇంటికి తీసుకెళ్లేవాడు.

మార్పు మేం ఊహించని చోట మొదలైంది. ఆరో తరగతిలో కొత్తగా చేరిన ఒక బాబు స్కూల్ బస్సులో రోజూ ఏడ్చేవాడు. మనవాడు తన కిటికీ పక్క సీటు ఆ బాబుకి ఇచ్చాడు. మర్నాడు సీటు ఆపి ఉంచాడు. తర్వాత లెక్కల హోంవర్క్‌లో సాయం చేశాడు. ఇవేవీ ఎవరూ చెప్పి చేయించినవి కావు. ఒకరోజు నాతో అన్నాడు: "మేడమ్, నేను రాకపోతే వాడు వెతుక్కుంటాడు."

మేమంతా అతని మీద జాలిపడ్డాం. ఆ బాబు మాత్రం అతని కోసం ఎదురుచూశాడు. "పెద్దదిక్కు" అనేది మనం మోపిన బరువు. సీటు ఆపి ఉంచడం అతను తానుగా ఎంచుకున్న పని.

తల్లిదండ్రులకు నా విన్నపం. ఇంట్లో ఇలాంటి కష్టం వస్తే మార్కుల సంగతి కొన్నాళ్లు పక్కన పెట్టండి. పోయినవారి గురించి పిల్లల్ని మాట్లాడనివ్వండి. నాయనమ్మకు మాత్రలు అందించడం, చెల్లికి జడ వేయడం లాంటి చిన్న పనులు వాళ్లంతట వాళ్లు చేస్తుంటే "నీకెందుకు, వెళ్లి చదువుకో" అనకండి. అలాగని బలవంతంగా చేయించకండి. క్లాస్ టీచర్‌కు విషయం చెప్పండి. టెస్టుల విషయంలో మేమూ పట్టూవిడుపూ చూపాలి.

అన్నిటికీ ఇదే మందు అని నేననను. తిండి, నిద్ర వారాల తరబడి దెబ్బతిన్నా, "బతికి ఏం లాభం" లాంటి మాట ఒక్కసారి వినిపించినా ఆలస్యం చేయకుండా డాక్టర్‌నో కౌన్సెలర్‌నో కలవండి. కేంద్ర ప్రభుత్వ టెలి మానస్ నంబర్ 14416కు ఏ వేళలోనైనా ఉచితంగా ఫోన్ చేయవచ్చు. తెలుగులోనూ మాట్లాడతారు.

మా విద్యార్థి ఇప్పుడు పదో తరగతి. నాన్న గుర్తొచ్చి ఇప్పటికీ కొన్నిసార్లు ఏడుస్తాడు. బస్సులో ఆ సీటు మాత్రం రోజూ ఆపి ఉంచుతాడు.