ఈ రాత్రికే సంచి కట్టండి!

ప్రొద్దుటూరు, జమ్మలమడుగు, పులివెందుల ప్రాంత ప్రజలారా!

2021 నవంబరు 19 తెల్లవారుజామున ఏం జరిగిందో గుర్తు తెచ్చుకోండి. ఎగువన పింఛా ప్రాజెక్టు కట్ట తెగింది. ఆ నీళ్లూ తోడై, రాజంపేట దగ్గర చెయ్యేటి మీది అన్నమయ్య ప్రాజెక్టు మట్టికట్ట కొట్టుకుపోయింది. పులపత్తూరు, మందపల్లి, తొగురుపేట, గుండ్లూరు ఊళ్ల మీద ఏరు వచ్చి పడింది. ఎన్నో ప్రాణాలు పోయాయి. బతికి బయటపడినవాళ్లలో ఎందరో కట్టుబట్టలతో మిగిలారు. ఆ రోజుల్లోనే కమలాపురం దగ్గర పాపఘ్ని వంతెన కూలి దారి తెగింది.

"మనది కరువు సీమ, మనకు వరదేంది?" అనుకోవద్దు. 26.85 టీఎంసీలు పట్టే గండికోట, దాని కింద మైలవరం, రెండూ పెన్నా మీదే ఉన్నాయి. అక్కడ గేట్లు ఎత్తితే జమ్మలమడుగు దాటి ప్రొద్దుటూరు ఒడ్డుకు వచ్చేది ఆ నీళ్లే. పులివెందుల వైపు పార్నపల్లె దగ్గర చిత్రావతి జలాశయం ఉంది, వేంపల్లె పక్కన పాపఘ్ని ఉంది. పెద్ద వాన పడితే ఊరి వంకే చాలు. కట్టలు తెగుతాయని భయపెట్టడానికి ఈ మాట చెప్పడం లేదు. ఇల్లు విడవమని దండోరా వేసినప్పుడు బీరువా తాళంచెవి కోసం వెతుక్కునేంత సమయం ఉండదని, అందుకే చేతికందే సంచి ఒకటి ముందే కట్టి ఉంచుకోవాలని చెబుతున్నాం.

సంచిలో ఏం పెట్టాలి?

● కాగితాలు: ఆధార్, రేషన్ కార్డు, పట్టాదారు పాసుపుస్తకం, బ్యాంకు పుస్తకం, పింఛను, ఆరోగ్య కార్డులు, పిల్లల మార్కుల జాబితాలు. రెండు ప్లాస్టిక్ కవర్లలో పెట్టి మూతి గట్టిగా కట్టండి. పరిహారం రాసుకోవడానికి వచ్చినవాళ్లు మొదట అడిగేవి ఇవే. ఫోటోలు తీసి బయటూరి బంధువుకు పంపి ఉంచండి.

● మందులు: బీపీ, షుగర్ మాత్రలు వారానికి సరిపడా, డాక్టరు చీటీతో సహా. ఓఆర్ఎస్ పొట్లాలు, దూది, కట్టు గుడ్డ. ఇన్సులిన్ ఫ్రిజ్‌లోనే ఉంచి, బయల్దేరేటప్పుడు తీసుకోవాలని సంచి మీద పెద్ద అక్షరాలతో రాయండి.

● తిండి, నీళ్లు: బొరుగులు, చనిగ్గింజలు, బెల్లం, బిస్కెట్లు. మనిషికి కనీసం రెండు లీటర్ల నీళ్లు. చంటిబిడ్డ ఉంటే పాలపొడి.

● వెలుతురు, ఫోను: టార్చి, విడి బ్యాటరీలు, పవర్ బ్యాంక్, విజిల్. ముఖ్యమైన నంబర్లు కాగితం మీద రాయండి. ఫోను తడిస్తే నంబర్లూ పోతాయి.

● డబ్బు: చిన్న నోట్లు, చిల్లర. కరెంటు, సిగ్నల్ పోతే ఫోన్‌తో చెల్లింపు జరగదు.

● బట్టలు: మనిషికొక జత, ఒక దుప్పటి, టువాలు, ఆడవాళ్లకు ప్యాడ్లు.

ఒక చేత్తో బిడ్డను పట్టుకుని, ఇంకో చేత్తో మోయగలిగినంత బరువే ఉండాలి. సంచి తలుపు పక్కన, ఎత్తుగా కొక్కేనికి తగిలించండి. నగలు బ్యాంకు లాకరులో ఉంటే నీళ్లలోకి వెనక్కి పరిగెత్తే పని ఉండదు.

కదలమన్నప్పుడు

మెయిన్ స్విచ్ ఆపండి. గ్యాస్ రెగ్యులేటర్ కట్టేయండి. గొడ్ల పలుపులు విప్పండి. కట్టేసిన పశువు ఈదలేదు. నేతన్నలారా, వాన ముసురు పట్టగానే నూలు, పట్టు అటకెక్కించండి. మగ్గం గుంతలోకే మొదట నీళ్లు దిగుతాయి. వంక రోడ్డు మీద పారుతుంటే బండితో దాటవద్దు. ముసలివాళ్లను, గర్భిణులను, నడవలేనివాళ్లను అందరికన్నా ముందు పంపండి. వాళ్లను ఎవరు తీసుకుపోవాలో ఇప్పుడే ఇంట్లో మాట్లాడుకోండి.

ఏటా వినాయక చవితి మరునాడు సంచి విప్పి పాత మందులు, తిండి మార్చండి. మన జిల్లాను ముంచే వానలు ఎక్కువగా ఆ తర్వాతే, అక్టోబరు, నవంబరుల్లో వస్తాయి.

గుర్తుంచుకోవాల్సిన నంబర్లు: అత్యవసరానికి 112, అంబులెన్సుకు 108, అగ్నిమాపక దళానికి 101, రాష్ట్ర విపత్తుల కంట్రోల్ రూముకు 1070, జిల్లాకు 1077.

ఈ రాత్రి అన్నం తిన్నాక ఇంటిల్లిపాదీ కూర్చుని సంచి కట్టండి. రేపు పొద్దున ఈ కరపత్రం పక్కింటివాళ్లకు ఇవ్వండి. చదవడం రాని అవ్వకు, తాతకు చదివి వినిపించి, వాళ్ల సంచి మీరే కట్టిపెట్టండి!

ఇట్లు,
మీ తోటి పౌరులు