సాముగరిడీల సంచిక

కొరియా వాళ్ల తెక్కియన్‌లో అడుగు నాట్యంలా ఊగుతుంది, అంతలోనే కాలిదెబ్బ పడుతుంది. జపాను పాలనలో ఆ విద్య దాదాపు అంతరించి, సియోల్‌లో సాంగ్ దియోక్‌గీ వంటి ఒకరిద్దరి ఒంట్లో మిగిలింది. 1983లో ఆ దేశం దాన్ని జాతి సంపదగా గుర్తించింది; 2011లో యునెస్కో జాబితాకెక్కింది.

మరి మన సాము? వీరఘట్టం బిడ్డ కోడి రామమూర్తి నాయుడు సర్కస్‌లో ఛాతీమీదికి ఏనుగును ఎక్కించుకున్నారని అందరూ చెప్పుకుంటారు. అంతకుముందు విజయనగరంలో పిల్లలకు వ్యాయామం నేర్పారు. నాకైతే అదే పెద్ద సంగతి.

పరవాడంటే ఇప్పుడు ఫార్మాసిటీ, సింహాద్రి విద్యుత్ కేంద్రం. షిఫ్టు దిగొచ్చి అమ్మవారి పండగలో కర్ర తిప్పేవాళ్లకోసమే ఈ సంచిక. ఫొటోలు తక్కువ పడ్డాయి, సర్దుకోండి.