తోబుట్టువులు కలవడానికి డ్రెంటె పల్లెలు

రెండో ప్రపంచ యుద్ధం తర్వాత నెదర్లాండ్స్ నుంచి లక్షల మంది కెనడా, ఆస్ట్రేలియా వంటి దేశాలకు వలసపోయారు. ఇళ్లు దొరకని రోజులవి. వెళ్లమని ప్రభుత్వమే ప్రోత్సహించింది. ఎన్నో కుటుంబాల్లో అన్నదమ్ములు, అక్కచెల్లెళ్లు తలో ఖండంలో స్థిరపడ్డారు. వాళ్లు పుట్టినగడ్డ మీద మళ్లీ కలవాలనుకుంటే ఆమ్‌స్టర్‌డామ్ రద్దీలో నలగడం కన్నా ఈశాన్యాన ఉన్న డ్రెంటె పల్లెలకు వెళ్లడమే మేలు.

చూసి తీరాల్సినవి అక్కడ పెద్దగా లేవు. అదే దాని గొప్పతనం.

సైకిల్ దారుల కూడళ్లకు అంకెలుంటాయి. పొద్దున్నే నాలుగు అంకెలు రాసుకుంటే రోజంతా మ్యాప్ తీయక్కర్లేదు. నేల చదును కనుక వయసు మళ్లిన అక్క కూడా తమ్ముడితో సమానంగా తొక్కగలదు. ఇద్దరు పక్కపక్కన వెళ్లడానికి అక్కడి చట్టమూ ఒప్పుకుంటుంది. ఎదురెదురుగా కూర్చుంటే పెగలని సంగతులు, అమ్మ చివరి రోజులు, ఇల్లు అమ్మిన నాటి పంతాలు, అలా సాగుతుంటే నెమ్మదిగా బయటికొస్తాయి.

బోర్గర్ ఊరి దగ్గర 5,000 ఏళ్లు దాటిన రాతి సమాధి ఉంది, పొడవు 22 మీటర్లకు పైనే. ఆ బండలను మంచుయుగంలో హిమానీనదాలు ఉత్తరం నుంచి మోసుకొచ్చాయి. ఆగస్టులో హీత్ పొదలు ఊదారంగు పూస్తాయి. వాటి మధ్య గొర్రెల మందలు మేస్తుంటాయి.

హోటల్లో విడివిడి గదులు మాత్రం వద్దు. పాత రైతు ఇల్లొకటి అందరూ కలిసి అద్దెకు తీసుకుని, వంట వంతులవారీగా చేసుకోవాలి. బడి సెలవులు ముగిసిన సెప్టెంబరు మొదట్లో వెళితే రద్దీ తగ్గుతుంది, హీత్ పూలూ ఇంకా ఉంటాయి.