మందునిచ్చు మ్రాను మనవలయును

పడమటి కనుమలలోని సతతహరితారణ్యములయందు, మహావృక్షముల నీడను, చూపరుల దృష్టి నంతగా నాకర్షింపని చిన్న చెట్టొకటి పెరుగుచున్నది. మరాఠీవారు దానిని నరక్యా యందురు. శాస్త్రజ్ఞులు నోథాపొడైటిస్ నిమ్మోనియానా యని వ్యవహరింతురు. రాచపుండునకు వైద్యులు వాడుచున్న ఇరినోటికాన్, టోపోటికాన్ అను మందులకు మూలద్రవ్యమైన కాంప్టోథెసిన్ దీని వేళ్ళయందును, బెరడునందును, కలపయందును కలదు. ఇట్టి చెట్టు మన దేశమున నుండుట మహాభాగ్యము. దానిని మనము పోగొట్టుకొనుచున్న తీరు మాత్రము మిక్కిలి శోచనీయము.

ఈ ద్రవ్యము మొదట లభించినది చైనా దేశపు చెట్టొకదానినుండి. అమెరికాలో మన్రో వాల్ అను రసాయనవేత్తయు, మహారాష్ట్రములోని నందుర్బారున జన్మించిన మన్‌సుఖ్ వాణియు దానిని వేరుపరచి 1966లో లోకమునకు వెల్లడించిరి. 1972లో బొంబాయిలోని సిబా పరిశోధనాలయమున టి. ఆర్. గోవిందాచారియు, విశ్వనాథనును అదే ద్రవ్యమును నరక్యాలో, చైనా చెట్టులోకన్న నధికముగా, కనుగొనిరి. అయితే రోగులకు తొలుత నిచ్చిన రూపము మూత్రాశయమునకు హాని కలిగించి రక్తస్రావము తెచ్చుటచే ఆ పరీక్షలు నిలిచిపోయెను. అది పనిచేయు విధము 1985 వరకు తెలియరాలేదు. కణము విభజనకు సిద్ధమగునపుడు, మెలివడిన డి.ఎన్.ఏ.లో నొక పోగును క్షణకాలము తెంచి, మెలి విప్పి, మరల నతికెడు ఎంజైమొకటి కలదు. తెంచిన పోగును దానిచేత నతుకనీయక అచ్చటనే పట్టి నిలుపుట కాంప్టోథెసిన్ విశేషము. అట్లు నిలిచిన చోట డి.ఎన్.ఏ. పూర్తిగా తెగి, వడివడిగా విభజన చెందుచుండు కాన్సర్ కణము నశించును. నీటిలో సులభముగా కరగు రూపములు సిద్ధమై, తుదకు 1996లో అమెరికాలో ఆమోదము పొందెను.

ముప్పదియేండ్ల తపస్సు ఫలించుసరికి గొడ్డళ్ళు అడవిదారి పట్టెను. ఎగుమతికై చెట్లను నరకుటయే గాక వేళ్ళను సైతము పెకలించిరి. నరికిన మోడునుండి చిగురించు శక్తి యీ చెట్టునకు కలదు. వేరే పోయిన పిమ్మట నది చిగురించుటెట్లు? ప్రయోగశాలలోనే చేసికొనరాదా యని కొందరడుగుదురు. సంపూర్ణ సంశ్లేషణము 1971లోనే సాధింపబడినది. అయినను చెట్టు చేయునంత చౌకగా చేయుట సాధ్యపడకపోవుటచే పరిశ్రమ నేటికిని చెట్టునే యాశ్రయించుచున్నది. కావున అడవి కలపను కొనుట మాన్పించి, పెంచిన తోటనుండియే సరకు వచ్చినదని ప్రతి కర్మాగారముచేతను రుజువు చూపించుట ప్రభుత్వముల విధి యని నా దృఢవిశ్వాసము. 2002 నాటి జీవవైవిధ్య చట్టము లాభములో పాలు పంచవలెనని చెప్పుచున్నది; ఆ పాలు నగదుగా చేతిలో పెట్టి యూరకుండక, అడవియంచు పల్లెలలో నారుమళ్ళుగా, తోటలుగా రూపొందవలయును.

దీనికి గడువెక్కువ లేదు. ఒక చెట్టునకును మరియొక చెట్టునకును, ఒక కొండకును మరియొక కొండకును ఈ ద్రవ్యపు పాలు చాల మారుచుండును. హెచ్చుగానిచ్చు చెట్లేవియో పరీక్షించి, వాని విత్తనములను ముందుగా సేకరింపక, దొరికినదానినెల్ల నరకుచు పోయినచో, రేపు తోటలు వేయదలచిన రైతునకు నాటదగిన మేలుజాతి మొక్క యెక్కడను మిగులదు.