అమ్మ బాప్తిస్మం చెల్లదా?

కిందటి ఈస్టరు ఆదివారం నిజాంపేటలో ఒక కొత్త సహవాసం ఆరాధనకు వెళ్లాను. అపార్టుమెంటు సెల్లార్లో ప్లాస్టిక్ కుర్చీలు వేసుకుని కూడుకునే చిన్న సంఘం అది. బాగా తెలిసిన కుర్రాడు రమ్మంటే కాదనలేకపోయాను. ప్రభురాత్రి భోజనం వేళ రొట్టె పళ్లెం చేతులు మారుతూ మా వరుసలోకి వచ్చింది. కుర్రాడు తీసుకున్నాడు. పక్కన కూర్చున్న తల్లికి ఇవ్వకుండా, ఆమె మీదుగా చెయ్యి చాపి అవతలివారికి అందించాడు. డెబ్బై దాటిన ఆ తల్లి రెండు చేతులూ ఒళ్లో పెట్టుకుని తల వంచుకుంది. మెదక్ దగ్గరి పల్లెలో ఏడేళ్ల వయసులో ఇంటిల్లిపాదితో కలిసి బాప్తిస్మం పొందిన మనిషి ఆమె. కష్టకాలంలో కూడా రొట్టె, ద్రాక్షారసం మానలేదు. పళ్లెం నా దగ్గరికి వచ్చినప్పుడు నేనూ తీసుకోలేకపోయాను.

బయటికి వచ్చాక అడిగాను. “అమ్మ బాప్తిస్మం చెల్లదు అంకుల్. తండ్రి, కుమారుడు, పరిశుద్ధాత్మ అన్నవి బిరుదులు. పేరు కాదు. అసలు పేరు యేసు. అపొస్తలులు ఆ పేరుతోనే ఇచ్చారు. అమ్మ మళ్లీ తీసుకోవాలి” అన్నాడు. అపొస్తలుల కార్యములు 2:38, 10:48, 19:5 వచనాలు గడగడా చెప్పాడు. హైటెక్ సిటీలో అతని ఉద్యోగమే సాఫ్ట్‌వేర్లో తప్పులు పట్టడం. ఆ చూపుతోనే బైబిలునూ చదువుతున్నాడు. చదవడం మంచిదే.

త్రిత్వమంటే వేదాంత కళాశాల పాఠమనీ, మనలాంటి సామాన్య విశ్వాసులకు దానితో పనిలేదనీ చాలామంది అనుకుంటారు. ఆ పాఠమే ఒక తల్లి నోటి దగ్గరి రొట్టెను ఆపింది.

ఆ పాపంలో నాకూ వాటా ఉంది. పదిహేనేళ్ల కిందట నిజాంపేటలోనే యౌవనస్థుల బైబిలు తరగతిలో అతనికి త్రిత్వం గురించి చెప్పింది నేనే. “ఒక మనిషి ఆఫీసులో టీమ్ లీడర్, ఇంట్లో నాన్న, తన తల్లికి కొడుకు. మనిషి ఒక్కడే, పాత్రలు మూడు. దేవుడూ అంతే” అన్నాను. పిల్లలు హాయిగా తలలూపారు. ఎంత తేలిగ్గా చెప్పానా అని నాలో నేను మురిసిపోయాను. ఆ కుర్రాడు నా మాటను చివరిదాకా నడిపించాడు, అంతే. మనిషి ఒక్కడే అయి, మూడూ పాత్రలే అయితే, సంతకం దగ్గర పాత్ర పేరు రాస్తే కుదురుతుందా? అసలు పేరు రాయాలి కదా! అతని తర్కంలో లోపం లేదు. నేనిచ్చిన పునాదిలో ఉంది.

మూడో శతాబ్దంలో సబెల్లియస్ పేరుమీద ప్రచారమైన బోధ సరిగ్గా ఇదే. ఒకే దేవుడు ఒకసారి తండ్రిగా, ఒకసారి కుమారుడిగా, ఒకసారి ఆత్మగా కనబడ్డాడని ఆ బోధ. సంఘం దాన్ని తోసిపుచ్చింది. 1913లో లాస్ ఏంజెలిస్ దగ్గర జరిగిన పెంతెకొస్తు శిబిర సభల్లో యేసు నామ బాప్తిస్మం ప్రశ్న లేచి, 1916 నాటికి అసెంబ్లీస్ ఆఫ్ గాడ్ సంఘాల్లో చీలిక తెచ్చింది. ఆ పాయే మన తెలుగు పల్లెలకు, ఇప్పుడు మన సెల్లార్లకు చేరింది. ఆ బోధను నమ్మేవారు యేసును తక్కువ చేయరు. ఆయనను ఎంతగానో ప్రేమిస్తారు. వారి భక్తిని వేలెత్తి చూపే అర్హత నాకు లేదు. నా పేచీ ఆ లెక్కతోనే.

నా ఉపమానాన్ని యొర్దాను ఒడ్డుకు తీసుకెళ్లి చూడండి. కుమారుడు నీళ్లలో నిలబడి ఉన్నాడు. ఆత్మ పావురంలా దిగివస్తున్నాడు. తండ్రి స్వరం ఆకాశం నుంచి వినబడుతోంది (మత్తయి 3:16-17). మూడూ ఒకే గడియలో! పాత్రలు మార్చుకునే ఒక్క నటుడైతే ఇది ఎలా కుదురుతుంది? గెత్సేమనే తోటలో యేసు చెమట ధారలుగా కారుతుంటే ఎవరికి మొరపెట్టాడు? తనకు తానేనా? అలాగైతే ఆ కన్నీళ్లు నాటకమవుతాయి. ఆ తోటలో జరిగింది నాటకమైతే నేను క్రైస్తవుడిగా ఉండలేను. మొహమాటం లేకుండా చెబుతున్నాను.

నీరు, మంచుగడ్డ, ఆవిరి ఉపమానం కూడా దీనికి తోబుట్టువే. వేసవిలో ట్యాంకరు కోసం ఎదురుచూసి అలసిన నిజాంపేటవాళ్లకు నీళ్లతో ఏది చెప్పినా త్వరగా ఎక్కుతుంది. కాని ఒకే చెంబు నీళ్లు ఒకదానితో ఒకటి మాట్లాడుకోవు, ఒకదాన్నొకటి ప్రేమించవు. ఇంకొకాయన తెలివిగా మా ఊరినే ఉపమానం చేశాడు. 2019లో నిజాంపేట, బాచుపల్లి, ప్రగతినగర్ మూడు పంచాయతీలనూ కలిపి ఒక్క నగరపాలక సంస్థ చేశారు కదా, త్రిత్వమూ అలాంటిదే అన్నాడు. నవ్వొచ్చింది. నిజాంపేట ఒక్కటే ఆ నగరపాలక సంస్థ కాలేదు, అందులో ఒక ముక్కగానే ఉండేది. యేసు దేవునిలో మూడో వంతు కాడు. ఆయనలో దైవత్వపు పరిపూర్ణత అంతా నివసిస్తోందని పౌలు రాశాడు (కొలొస్సయులకు 2:9). ఉపమానాలన్నీ ఎక్కడో ఒకచోట కూలతాయి. కూలే చోటేదో చెప్పకుండా పిల్లల చేతికి ఇవ్వడమే తప్పు. “ఇది మర్మం, అడగకూడదు” అని నోరు మూయించడం అంతకంటే పెద్ద తప్పు.

మా పై ఫ్లాటులో ఉండే పెద్దాయన ఓసారి లిఫ్టులో అడిగారు, “మీకూ మా త్రిమూర్తుల్లాంటి వాళ్లే కదండీ?” అని. ప్రేమగా అడిగిన ప్రశ్న. త్రిమూర్తులకు సృష్టి, స్థితి, లయ అని పనులు పంచి చెబుతారు. బైబిలులో ఆ పంపకం లేదు. సృష్టి తండ్రిది, అది కుమారుని ద్వారా కలిగింది (యోహాను 1:3), ఆ నీళ్లమీద ఆత్మ అల్లాడుతూ ఉన్నాడు (ఆదికాండము 1:2). నిజం చెప్పొద్దూ, సృష్టించేది తండ్రి, రక్షించేది కుమారుడు, పవిత్రపరచేది ఆత్మ అని మన ప్రసంగీకులే శాఖలు పంచి పెడుతుంటే ఆ పెద్దాయన్ను ఏమనగలం? ఈ దేశపు మాటల్లో త్రిత్వాన్ని చెప్పడానికి లోతుగా శ్రమించినవారూ ఉన్నారు. బెంగాలుకు చెందిన బ్రహ్మబాంధవ ఉపాధ్యాయ 1898లో సత్, చిత్, ఆనందం అన్న మాటలతో త్రియేక దేవునికి సంస్కృతంలో స్తుతిగీతం కట్టారు. ఆ గీతాన్ని నేటికీ క్రైస్తవ ఆరాధనల్లో పాడేవారున్నారు.

అసలు ఈ బోధ ఎక్కడ పుట్టింది? ఎవరో కూర్చుని ఒకటి మూడెలా అవుతుందని లెక్కవేస్తే పుట్టింది కాదు. మొదటి విశ్వాసులు యూదులు. దేవుడు ఒక్కడే అన్న మాటను (ద్వితీయోపదేశకాండము 6:4) అనుదినం పఠిస్తూ పెరిగినవారు. ఇంకో దేవుడన్న ఊహకే చెవులు మూసుకునేవారు. అలాంటివారి మధ్యకు యేసు వచ్చాడు. పాపాలు క్షమించాడు, గాలిని గద్దించాడు, సమాధిలోంచి లేచాడు. అనుమానపు తోమా ఆయన గాయాలు చూసి ఆయనను ప్రభువనీ దేవుడనీ పిలిచాడు (యోహాను 20:28). యేసు వద్దనలేదు. ఆ తర్వాత పెంతెకొస్తు నాడు ఆత్మ దిగివచ్చి, దేవుడు తమలోనే ఉన్నాడని వారికి తెలిసింది. దేవుడు ఒక్కడే అన్నది వారు వదులుకోలేరు. ఎదురుగా చూసినదీ కాదనలేరు. ఆ రెంటినీ పట్టుకుని నలిగిన సంఘం మాటలు వెతుక్కుంది. త్రిత్వమన్న మాట బైబిలులో లేదన్నది నిజమే. ఆ మాట ఏ అనుభవానికి పేరో ఆ అనుభవం మాత్రం పేజీ పేజీకీ ఉంది.

ఆ వెతుకులాటలో పెద్ద మలుపు నైసీయా మహాసభ, 325లో, నేటి టర్కీ దేశంలో. 2025తో దానికి 1700 ఏళ్లు నిండాయి. అలెగ్జాండ్రియాలో అరియస్ అనే పాదిరి కుమారుడు ఎంత గొప్పవాడైనా సృష్టించబడినవాడేననీ, ఆయన లేని కాలం ఒకటుందనీ బోధించాడు. వినడానికి ఇది చాలా సుళువైన లెక్క. అయినా సభ అతనికి ఎదురు నిలిచి, కుమారుడు తండ్రితో ఒకే తత్వంగలవాడని ఒప్పుకుంది. ఆ మాట మీద నిలబడినందుకు అథనాసియస్ అనే బిషప్పు అయిదుసార్లు దేశబహిష్కారం అనుభవించాడు, మొత్తం పదిహేడేళ్లు. ఒక్క మాటకోసం అంత పంతమా అనిపిస్తుంది. ఆ మాట తీసేస్తే సిలువ మీద ఎవరు మిగులుతారో చూడండి. దేవుడు తాను రాకుండా ఎవరినో పంపి, ఆ పంపినవాడిని చావనిచ్చినట్టవుతుంది. పెద్దమనిషి ఇంట్లో కూర్చుని పాలేరును వరదలోకి తోసినట్టు! త్రిత్వం చెప్పేది వేరు. వరదలోకి దిగినవాడు దేవుడే.

ఇంకో మాట కూడా ఉంది. నాకు ఎప్పుడూ ఊరట ఇచ్చేది అదే. దేవుడు ప్రేమయై ఉన్నాడని యోహాను అంటాడు (1 యోహాను 4:8). లోకం పుట్టకముందు ఆయన ఎవరిని ప్రేమించాడు? ఒంటరిగా ఉన్నవాడైతే ప్రేమించడానికి మనం పుట్టేదాకా ఆగాల్సి వచ్చేది. జగత్తుకు పునాది పడకముందే తండ్రి తనను ప్రేమించాడని యేసు తన ప్రార్థనలో చెప్పుకున్నాడు (యోహాను 17:24). ప్రేమ ఆయనకు తర్వాత అబ్బిన గుణం కాదు.

మళ్లీ బాప్తిస్మం దగ్గరికొద్దాం. మత్తయి 28:19లో యేసు ముగ్గురినీ చెప్పాడు గాని నామములు అనలేదు, నామము అన్నాడు. గ్రీకు మూలంలోనూ అది ఏకవచనమే. అపొస్తలుల కార్యాల్లో యేసు నామమనడం దీనికి పోటీ కాదు. అది యోహాను బాప్తిస్మం నుంచి, మిగతా స్నానాల నుంచి వేరుచేసి, ఇది ఎవరికి చెందిన బాప్తిస్మమో చెప్పే మాట. నా సొంత తెలివితో అనడం లేదు. అపొస్తలుల కాలానికి చాలా దగ్గరగా పుట్టిన డిడాకే అనే చిన్న పుస్తకం ఉంది. దాని రాతప్రతి 1873లో కాన్‌స్టాంటినోపుల్‌లో దొరికింది, 1883లో అచ్చయింది. అందులో ఏడో అధ్యాయం తండ్రి, కుమార, పరిశుద్ధాత్మల నామంలో బాప్తిస్మమివ్వమంటుంది. రెండు అధ్యాయాలు దాటగానే అదే పుస్తకం ఆ బాప్తిస్మం పొందినవారిని ప్రభువు నామంలో బాప్తిస్మం పొందినవారని పిలుస్తుంది, వారే ప్రభు భోజనానికి అర్హులంటుంది! ఆ రాసినవాడికి ఈ రెంటి మధ్య ఏ గొడవా కనబడలేదు. (పారే నీళ్లు, చాలినన్ని నీళ్లు లేకపోతే తలమీద మూడుసార్లు పోస్తే చాలని కూడా అందులో ఉంది. ముంచడం, చిలకరించడం అని మనం పడే తగువులకు ఇది కొంచెం చల్లదనం.) 314లో ఆర్ల్ అనే పట్టణంలో కూడిన బిషప్పులు సంఘం వెలుపలివారి చేతుల మీదుగా వచ్చినా సరే, ముగ్గురి నామాన జరిగిన బాప్తిస్మాన్ని మళ్లీ ఇవ్వొద్దనే తీర్మానించారు. మరి సొంత కాపరి చేతుల మీదుగా పొందిన ఆ తల్లిని మళ్లీ నీళ్లలోకి దించడమేమిటి?

ఇవన్నీ అతనికి చెప్పాను. ముందుగా, పదిహేనేళ్ల కిందటి నా ఉపమానం తప్పని చెప్పి క్షమించమన్నాను. అతను ఆశ్చర్యపోయాడు. ఆ ఉపమానం తనకు గుర్తే లేదన్నాడు. ఎక్కడ నేర్చాడో మరిచిపోయాడు గాని నేర్చినది మాత్రం నిలిచిపోయింది.

మేం మాట్లాడుకుంటుండగా తల్లి వంటింట్లోంచి టీ తెచ్చింది. మా చర్చ అంతా విన్నదే. “మా అయ్యగారు తండ్రి పేరు జెప్పిండు, కొడుకు పేరు జెప్పిండు, ఆత్మ పేరు జెప్పిండు. ఆ కొడుకు యేసయ్య కాకుంటె ఇంకెవరు బిడ్డా?” అంది. కుర్రాడు టీ గ్లాసు చేతిలో తిప్పుతూ కూర్చున్నాడు. డిడాకే అనీ ఆర్ల్ అనీ నేను అంతసేపు తిరిగి చేరిన చోటికి ఆమె ఒక్క అడుగులో చేరింది.

ఆమె ప్రార్థన నేను చాలాసార్లు విన్నాను. “నాయనా” అని మొదలుపెడుతుంది. కాసేపటికి మాటలు అందక గొంతు పూడుకుపోతుంది, మూలుగు మాత్రం వినబడుతుంది. చివరికి “యేసయ్య పేరట” అని ముగిస్తుంది. మాటల్లేని మూలుగులతో ఆత్మే మన పక్షాన వేడుకుంటాడని రోమీయులకు 8:26లో ఉంది. ఆ వచనం ఆమెకు తెలుసో లేదో అడగలేదు.

కుర్రాడు మనసు మార్చుకున్నాడని రాయలేను. ఆ సహవాసానికే వెళ్తున్నాడు. పళ్లెం ఇప్పుడూ ఆమె మీదుగానే పోతోంది. అయితే ఈసారి క్రిస్మస్‌కు మెదక్ మందిరానికి పోవాలని ఆమె పట్టుబట్టింది. 1924 డిసెంబరు 25న ప్రతిష్ఠించిన ఆ పెద్ద గుడిలో, రంగు అద్దాల కిటికీల వెలుగులో కూర్చుని రొట్టె తీసుకోవాలని ఆమె కోరిక. కారు తాను నడుపుతానన్నాడు కొడుకు. లోపలికి వస్తాడో లేదో మాత్రం చెప్పలేదు.