రీబూట్ కొట్టే ముందు ఒక్క రెండు నిమిషాలు

"సర్వర్ పడిపోయిందండీ, రీబూట్ చేసెయ్యమంటారా?" రాత్రి రెండింటికి ఇలాంటి ఫోను అందుకోని వాళ్ళు మనలో ఎంతమంది ఉంటారు చెప్పండి! నిద్రమత్తులో "చేసెయ్ బాబూ" అన్నవాణ్ణే నేనూ. ఇప్పుడు అనను.

ఒకప్పుడు నేను పనిచేసిన ప్రాజెక్టులో ఓ వర్చువల్ మెషీన్ ఉండేది. రెండు మూడు వారాలకోసారి దాని డిస్కు నిండిపోయేది, అప్లికేషన్ పడకేసేది. రీబూట్ కొడితే డిస్కు సగానికి పైగా ఖాళీ! "రీస్టార్ట్ చేశాం, సమస్య తీరింది" అని టికెట్ మూసేసేవాళ్ళం. రెండుసార్లు డిస్కు పెంచాం కూడా. చివరికి నింద నైట్ షిఫ్ట్ కుర్రాడి మీద పడింది, ఏవో ఫైళ్ళు తెచ్చి పడేస్తున్నాడని.

ఓ రాత్రి అతనే రీబూట్ చెయ్యకుండా నాకు ఫోన్ చేశాడు. ఇద్దరం కలిసి చూశాం. డీఎఫ్ కొడితే వంద శాతం నిండిందంటోంది. డీయూతో లెక్కేస్తే అందులో సగం కూడా లేదు. మరి మిగతాది ఎవడు మింగినట్టు? ఎల్ఎస్ఓఎఫ్‌కి ప్లస్ ఎల్ 1 ఇచ్చి చూస్తే దొంగ దొరికాడు. ఎప్పుడో ఎవరో పెట్టిపోయిన క్రాన్ జాబ్ ఒకటి లాగ్ ఫైల్‌ని ఆర్ఎమ్‌తో చెరిపేస్తోంది. పేరైతే పోయింది గానీ, జావా ప్రాసెస్ ఆ ఫైల్‌ని తెరిచి పట్టుకునే ఉంది, అందులోకి రాస్తూనే ఉంది. లినక్సులో పేరు పోయినంత మాత్రాన చోటు తిరిగి రాదు కదా, పట్టుకున్న ప్రాసెస్ కూడా వదలాలి. రీబూట్‌తో ప్రాసెస్ చచ్చేది, చోటు వచ్చేది, దొంగ మాయమయ్యేవాడు. క్రాన్ జాబ్ పీకేసి లాగ్‌రొటేట్‌లో కాపీట్రంకేట్ పెట్టాం, అంతే.

ఎస్ఎల్ఏ గడియారం తిరుగుతుంటే పరిశోధనలేంటి అంటారా? నిజమే, క్లయింటు ఊరుకోడు. కానీ కెర్నల్ సందేశాలుండేది మెమరీలోని బఫర్లో. వార్ లాగ్ కింద జర్నల్ డైరెక్టరీ లేకపోతే, స్టోరేజ్ ఆటో సెట్టింగుతో జర్నల్‌డీ రాసేదీ మెమరీలోనే. రీబూట్‌తో అవి గాలికి పోతాయి. అందుకే డీఎమ్ఈఎస్జీ, టాప్, పీఎస్, డీఎఫ్ అవుట్‌పుట్లు రెండు నిమిషాల్లో వేరే మెషీన్లోకి లాగి దాచుకోండి. ఆ నిండిన డిస్కులోనే దాచబోయేరు సుమా, నేనోసారి ఆ పనీ చేశాను :)

అన్నట్టు, కేవీఎం, జెన్ మీద నడిచే మెషీన్ నెమ్మదిస్తే టాప్‌లో స్టీల్ టైమ్ అంకె చూడండి. అది ఎక్కువగా ఉంటే మన వంతు సీపీయూని హోస్టు ఇంకెవరికో పంచుతోందని అర్థం. లోపల మనం వందసార్లు రీబూట్ చేసినా ఒరిగేదేం లేదు, హోస్టు చూసేవాళ్ళనే అడగాలి.

కుర్రాడి తప్పు లేదని మేనేజరుకి మెయిల్ పెట్టాను. "గుడ్ ఫైండ్" అని జవాబొచ్చింది. అతని అప్రైజల్ అప్పటికే అయిపోయింది, దాన్ని ఎవరూ మార్చలేదు.